మమొయాదలో అంతోని మంటలు: రెండు రాత్రుల బస, ఒక మ్యూజియం, ఒక పండుగ

ఇటలీకి చెందిన సార్డీనియా దీవి నడుమ బార్బాజియా అనే కొండసీమ ఉంది. ఆ సీమలో, సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున, రెండున్నర వేలకు అటూ ఇటూగా జనం ఉండే చిన్న ఊరు మమొయాద. ఏటా జనవరి 16 సాయంత్రం ఆ ఊళ్లో వాడవాడకూ ఒక మంట వేస్తారు. మరునాడు పునీత అంతోని పండుగ. ఆ రోజు నల్లని కొయ్యముఖాలు తగిలించుకొని, వీపు నిండా గంటలు కట్టుకున్న మగవాళ్లు ఒక్కొక్క మంట దగ్గరికీ వెళ్లి, దాని చుట్టూ తిరిగి వస్తారు. ఉద్యోగరీత్యా నేను ఇటలీలో ఉంటున్నాను. సిద్దిపేట జిల్లా నుంచి మా అమ్మ సంక్రాంతికి నా దగ్గరికి రావడంతో, ఇద్దరం కలిసి ఈ పండుగకు వెళ్లి రెండు రాత్రులు అక్కడే ఉన్నాము. వెళ్లాలనుకునే తెలుగువారికి పనికివస్తుందన్న ఉద్దేశంతో మా బస, మ్యూజియం, భోజనం, అన్నింటికన్నా ముఖ్యంగా ఆ పండుగ ఎలా ఉన్నాయో రాస్తున్నాను.

ముందుగా ఈ అంతోని ఎవరో చెప్పాలి. మన తెలుగు కథోలికులకు అంతోని అనగానే బాలయేసును ఎత్తుకున్న పాదువాపురి అంతోని గుర్తుకు వస్తారు. ఈయన వేరు, ఆయనకన్నా దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందు, ఈజిప్టు ఎడారిలో ఏకాంతంగా జీవించి 356లో కన్నుమూసిన సన్యాసి. చిత్రపటాల్లో ఈయన పాదాల దగ్గర ఒక పంది, చేతిలో కర్ర, పక్కన మంట కనిపిస్తాయి. పశువులను కాపాడే పునీతుడని నమ్మకం. ఒంటి మీద మంటలు పుట్టించే సర్పి వ్యాధిని ఇటలీలో ఇప్పటికీ ‘సాంత్ ఆంతోనియో నిప్పు’ అనే అంటారు. సార్డీనియావాళ్లు చెప్పుకునే కథ ఇలా సాగుతుంది. లోకంలో నిప్పు లేక జనం చలికి వణికిపోతుంటే, అంతోని తన పందిని వెంటబెట్టుకొని నరకం తలుపు తట్టాడు. దయ్యాలు ఆయనను రానివ్వలేదు కానీ పంది లోపలికి దూరింది. అది చేసిన రభసకు తాళలేక, దాన్ని తీసుకుపొమ్మని ఆయననే లోపలికి పిలిచాయి. ఆయన చేతికర్ర ఫెరులా అనే మొక్క కాడ. దాని పైపొర గట్టిగా, లోపల బెండుగా ఉంటుంది. ఆ బెండుకు నిప్పురవ్వ అంటుకొని, పైకి కనబడకుండా లోలోపలే రాజుకుంటూ ఆయన వెంట భూమి మీదికి వచ్చింది. గ్రీకు పురాణంలో ప్రొమీథియస్ నిప్పును దాచి తెచ్చింది కూడా ఈ జాతి కాడలోనే. ఈ కథ తెలుసుకొని వెళ్తే ఆ ఊరివాళ్లు మంటను ఎందుకంత మన్ననగా చూస్తారో అర్థమవుతుంది.

ప్రయాణం కష్టం కాదు, అయితే ఓపిక కావాలి. ఓల్బియా విమానాశ్రయంలో దిగి, బస్సులో నూఓరో పట్టణానికి, అక్కడి నుంచి మరొక బస్సులో మమొయాదకు చేరాము. బస్సులు రోజుకు కొన్నే ఉంటాయి కనుక వేళలు ముందే చూసుకోవాలి. సొంత కారు లేదా అద్దె కారు ఉన్నవారికి చుట్టుపక్కల ఊళ్లు చూసే వీలుంటుంది. అయితే పండుగ రెండు రోజులూ ఊరి మధ్యలోని వీధులు మంటలతో, జనంతో నిండిపోతాయి. కారును ఊరి అంచున నిలిపి నడవడానికి సిద్ధపడే రావాలి.

మేము బస చేసింది ఒక కుటుంబం తమ మేడ మీది రెండు గదులను అద్దెకు ఇచ్చే ఇంట్లో. ఉదయపు ఫలహారంతో కలిపి రాత్రికి 70 యూరోలు తీసుకున్నారు. పండుగకు కనీసం రెండు రాత్రులు ఉంటేనే గది ఇస్తామని ముందే చెప్పారు. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికి ఆరబెట్టిన వాసన వేశాయి, కిటికీ తెరిస్తే కింద వీధి మలుపులో పేర్చి ఉంచిన మొద్దులు కనిపించాయి. లోపాలు కూడా చెప్పాలి. రాత్రి పదకొండు దాటగానే గదిని వెచ్చబరిచే యంత్రం ఆగిపోయింది. బయట చలి సున్నాకు దగ్గరగా ఉన్న రాత్రి, అరవై ఏళ్లు దాటిన మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు. రెండో మనిషి స్నానానికి వెళ్లేసరికి వేడినీళ్లు అయిపోయాయి. ఇంటావిడకు చెప్పగానే నొచ్చుకొని, రెండో రాత్రి ఉన్ని కంబళ్లు రెండు తెచ్చి ఇచ్చి, యంత్రాన్ని తెల్లవార్లూ నడవనిచ్చారు. ఆ రెండు లోపాలనూ మరిపించినది ఆవిడ మమ్మల్ని తమ వాడ మంట దగ్గరికి వెంటబెట్టుకొని తీసుకుపోవడం. ఊరికి దూరంగా, సౌకర్యాలు ఎక్కువగా ఉన్న హోటల్లో దిగి ఉంటే మాకు అది దక్కేది కాదు. అందుచేత ఎంత ఇరుకైనా సరే, బస ఊరి లోపలే చూసుకోండి.

16వ తేదీ మధ్యాహ్నానికే ప్రతి వాడలోనూ మంటకు సరంజామా సిద్ధంగా ఉంది. ఓక్ చెట్ల మొద్దులు, వేళ్లతో సహా పెకలించిన దుంగలు మనిషి ఎత్తుకు మించి పేర్చారు. సాయంత్రం గుడిలో పూజ ముగిశాక ఫాదర్ గారు బయటికి వచ్చి, మొదటి మంటను ఆశీర్వదించి, జనంతో కలిసి దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఆ మంటలోంచి నిప్పు తీసుకొని ఎవరి వాడకు వాళ్లు వెళ్లి తమ మంటను వెలిగించుకున్నారు. ఊరు మొత్తంలో ఇటువంటివి 30కి పైగా ఉంటాయి. రెండు మూడు రోజుల ముందే మనవాళ్లు ఇళ్ల ముందు భోగి మంటలు వేసుకున్నారు కదా. ఆ వేడి ఇంకా ఆరకముందే ఇంకొక దేశంలో ఇంకొక మంట ముందు నిలబడ్డ మా అమ్మకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. చెప్పులు ఒక పక్కన విడిచి, చేతులు జోడించి ప్రదక్షిణ మొదలుపెట్టింది. అంత చలిలో వట్టి కాళ్లతో నడుస్తున్న ఆమెను చూసి ఒక ముసలావిడ ఏమీ అనకుండా వచ్చి చెయ్యి పట్టుకొని, మూడు చుట్లూ పక్కనే నడిచింది.

ఇక్కడ ప్రేక్షకులకు వేదిక లేదు, టికెట్ లేదు, వరుస లేదు. ప్రతి మంట పక్కన ఒక పొడవాటి బల్ల వేసి, దాని మీద ఆ వాడవాళ్లు వండినవి, సొంత తోటల ద్రాక్షతో చేసిన ఎర్రని కన్నొనావు వైన్, మిఠాయిలు పెడతారు. దారిన పోయే ఎవరినైనా ఆపి చేతిలో పెడతారు, డబ్బు తీసుకోరు. నేను వైన్ తాగను. మొదటి రెండు చోట్ల వద్దని తల అడ్డంగా ఊపితే ఇచ్చినవాళ్ల ముఖం చిన్నబోయింది. ఇంటావిడ సలహా మేరకు మూడో చోట నుంచి గ్లాసు అందుకొని, పెదవికి తాకించి, ‘అ మెదాస్ అన్నోస్’ అన్నాను. ఇలాంటి ఏడాదులు ఎన్నో రావాలని దాని అర్థం. ఆ మాటతో అందరి ముఖాలూ విప్పారాయి. అది ఇటాలియన్ కాదు, సార్డీనియా భాష. 1999లో చట్టం ద్వారా గుర్తింపు పొందిన ఈ భాషలో పరాయివాళ్లు ఒక్క మాట పలికినా వాళ్లకు ఎంత ఆనందమో చూస్తే మన తెలుగు గుర్తుకు రాక మానదు. ఆ రాత్రి మేము పదకొండు మంటల దగ్గర ఆగాము. ప్రతి చోటా అడిగిన మొదటి ప్రశ్న, ఎవరింటికి వచ్చారు అని. ఇంటావిడ పేరు చెబితే చాలు, బల్ల దగ్గర చోటు చేసేవారు.

17వ తేదీ ఉదయం ఊళ్లోనే ఉన్న మధ్యధరా ముఖాల మ్యూజియం చూశాము. 2001లో ప్రారంభమైన ఈ మ్యూజియం చిన్నదే. తీరికగా చూసినా గంటన్నర సరిపోతుంది. కానీ ఆ గంటన్నర లేకుండా మధ్యాహ్నపు ఊరేగింపుకు వెళ్లి ఉంటే మేము సగం కూడా గ్రహించేవాళ్లం కాదు. ఒక గదిలో మమొయాద వేషాలు, మరొక గదిలో బార్బాజియాలోని ఇతర ఊళ్ల వేషాలు, ఇంకొక గదిలో ఆల్ప్స్ కొండల నుంచి, స్పెయిన్ వైపు నుంచి, బాల్కన్ దేశాల నుంచి తెచ్చిన ముఖాలు ఉన్నాయి. ఒత్తాన అనే ఊరి వేషాల ముందు అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. అందులో ఎద్దు ముఖం పెట్టుకున్న బోఎస్ ఉంటాయి, వాటిని తోలే రైతు ముఖం మెర్దూలె ఉంటుంది. ఒరొతెల్లి ఊళ్లో అయితే తుర్పోస్ అనేవాళ్లు ముఖానికి మసి పూసుకొని, ముసుగు కోటు వేసుకొని, కాడి కట్టిన ఎద్దుల్లా జంటగా నడుస్తారు. ఎక్కడి ముఖాలైనా కథ మాత్రం పశువుదీ మనిషిదీ, వాళ్లిద్దరూ కలిసి చలికాలాన్ని దాటడం గురించీ. మాకు వివరించిన అమ్మాయి తొందరపెట్టకుండా, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేని చోట ఆ సంగతే నిజాయితీగా చెప్పింది. ఈ వేషం పుట్టుక గురించి కొందరు గ్రీకు దేవుడు డయొనీసస్ ఆరాధన అంటారు, కొందరు సముద్రం మీది నుంచి దాడికి వచ్చినవాళ్లను బందీలుగా పట్టుకున్న జ్ఞాపకం అంటారు, ఇంకొందరు పశువుల కాపరుల పురాతన క్రతువు అంటారు. ఒక్క కథను పట్టుకొని అదే నిజమని అమ్మజూపని మ్యూజియం మీద నాకు గౌరవం కలిగింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మధ్యాహ్నం ఒక పెరట్లో వేషం కట్టడం చూసే అవకాశం దొరికింది. ఈ ఊళ్లో రెండు బృందాలు ఈ వేషాన్ని నిలబెడుతున్నాయి: ఒకటి ప్రో లోకో అనే స్థానిక పర్యాటక సంఘానిది, రెండోది అత్సేనీ–బెక్కోయి సాంస్కృతిక సంఘానిది. నల్లముఖం వాళ్లను మముథోనెస్ అంటారు. ముదురు రంగు గొర్రెతోలును ఉన్ని పైకి వచ్చేలా ఒంటికి చుట్టుకుంటారు. దాని మీద, వీపు మొత్తం కప్పేలా, చిన్నా పెద్దా ఇనుపగంటలను తోలుపట్టీలతో కడతారు; ఎదురు రొమ్ము మీద చిన్న కంచుగంటలు ఉంటాయి. ఆ బరువు 30 కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు మనుషులు చెరొక వైపు నిలబడి పట్టీలను లాగి బిగిస్తేనే అది కదలకుండా నిలుస్తుంది. బిగించే కొద్దీ ఆ యువకుడి ఊపిరి పొట్టిదవుతూ రావడం మాకు కనబడింది. చివరగా అడవి పియర్ వంటి చెట్ల కొయ్యతో చెక్కిన నల్లని ముఖాన్ని తొడిగి, తల మీద టోపీ పెట్టి, దాని మీదుగా ఆడవాళ్లు కట్టుకునే రుమాలు చుట్టి గడ్డం కింద ముడి వేశారు. అంతవరకు స్నేహితులతో మాట్లాడుతున్న మనిషి ఆ ముడి పడగానే మౌనం వహించాడు. ముఖం తీసేవరకు వాళ్లు మాట్లాడరు.

ఇస్సోహదోరెస్ అనేవాళ్లది ఇంకొక వేషం. ఎర్రని చొక్కా, తెల్లని లాగు, నడుముకు శాలువ, కొందరికి తెల్లని ముఖం, చేతిలో తుంగలాంటి గడ్డితో పేనిన పొడవాటి తాడు. పన్నెండు మంది మముథోనెస్ రెండు వరుసలుగా నడుస్తుంటే, ఎనిమిది మంది ఇస్సోహదోరెస్ వాళ్లకు ముందూ వెనుకా పక్కలా కాపలాగా చురుకుగా కదులుతుంటారు. మముథోనెస్ నడక నడక కాదు. ఒంగిన ఒళ్లు, ఒక అడుగుకు ఒక భుజం, మరు అడుగుకు మరొక భుజం ముందుకు విసురుతారు. పన్నెండు వీపులూ ఒక్కసారిగా విదిలించబడతాయి, గంటలన్నీ కలిసి ఒక్కటే మోత మోగుతుంది. ఆ మోతకూ తర్వాతి మోతకూ మధ్య ఒక్క క్షణం ఏమీ వినిపించదు. ఆ క్షణంలో మంటలో కట్టె చిటపటమనడం, పక్కనున్న పసివాడు ఊపిరి బిగబట్టడం కూడా తెలుస్తాయి. నేను దీన్ని ముందే వీడియోల్లో చూసి వెళ్లాను. వీడియోలో గంటల సవ్వడి వినిపిస్తుంది కానీ ఆ మోత కాళ్ల కింది నేలలోంచి ఎముకల్లోకి ఎక్కడం, దగ్గరికి వచ్చినప్పుడు గొర్రెతోలు వాసన, చెమట వాసన, పొగ వాసన కలిసి కొట్టడం వీడియోకు అందవు. ‘మల్లన్న జాతర్ల ఉన్నట్టే ఉంది బిడ్డా’ అంది అమ్మ. సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే కొమురవెల్లి మల్లన్న జాతరకు ఏటా తప్పకుండా వెళ్లే మనిషి ఆమె. గొర్రెల కాపరుల దేవుడు, చలికాలం, నిప్పు, అన్నీ ఆమెకు తెలిసినవే.

ఇంతలో ఎక్కడి నుంచో తాడు వచ్చి అమ్మ భుజాల మీద పడింది. ఇస్సోహదోరెస్ గుంపులోంచి నచ్చినవాళ్ల మీదికి, ముఖ్యంగా ఆడవాళ్ల మీదికి తాడు విసిరి దగ్గరికి లాగుతారు. తాడు పడ్డవాళ్లకు ఆ ఏడాది ఆరోగ్యం, శుభం కలుగుతాయని నమ్మకం. అమ్మ మొదట ఉలిక్కిపడింది, తర్వాత హరిదాసుకు బియ్యం వేసే అలవాటు కొద్దీ కొంగున ముడి వేసుకున్న చిల్లర తీసి అతని చేతిలో పెట్టబోయింది. అతను తీసుకోలేదు. తాడు విప్పి, వంగి ఆమె చేతిని నుదుటికి తాకించుకొని మళ్లీ తన వరుసలోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నుంచి ఇప్పటి వరకూ అమ్మ ఫోనులో బంధువులందరికీ చెబుతున్నది ఈ ఒక్క సంగతే.

భోజనం గురించి మన శాకాహారులు కొంత జాగ్రత్తగా ఉండాలి. బల్లల మీద పెట్టే వాటిలో పంది మాంసమే ఎక్కువ. మిఠాయిల్లో ఎండుద్రాక్ష, బాదం, ఉడికించి చిక్కబరిచిన ద్రాక్షరసం కలిపి చేసే నల్లని పాపస్సీనో నాకు చాలా నచ్చింది. అయితే ఇక్కడి మిఠాయిల్లో పంది కొవ్వు కలపడం మామూలే కనుక అడిగి తినాలి. అడిగితే దాచకుండా చెబుతారు. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు మాత్రమే ఉండే పల్చని అప్పడం లాంటి రొట్టె పానే కరసావు, ఆలివ్ నూనె చిలకరించుకొని ఎన్ని తిన్నా విసుగు రాదు. గొర్రెపాల పెకొరీనో చీజును గొర్రెపిల్ల లేదా దూడ కడుపులోని పదార్థంతో విరిచి తయారుచేస్తారు కాబట్టి కచ్చితమైన శాకాహారులు దానికి కూడా దూరంగా ఉండవలసిందే. 17వ తేదీ రాత్రి మేము వెళ్లిన భోజనశాల పేరు చెప్పను. పండుగ పేరుతో వంటకాల పట్టికను నాలుగింటికి కుదించి, ధర పెంచి, బంగాళాదుంప, పుదీనా కూరి చేసే కులుర్జోనెస్‌ను చల్లారబెట్టి వడ్డించారు. వీధిలో అపరిచితులు ఉచితంగా, వేడివేడిగా పెట్టినదానికి అది ఏ విధంగానూ సాటి రాలేదు.

ఊళ్లో ముఖాలు చెక్కే కార్మికుల దుకాణాలు ఉన్నాయి. నేను ఒక చిన్న నల్లముఖం 140 యూరోలకు కొన్నాను. అది తక్కువ ధర కాదు. కానీ చేతితో చెక్కినదీ, యాత్రికుల కోసం గుంపుగా తయారుచేసినదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. చేతిపనిలో లోపలి భాగం మనిషి ముక్కుకు, బుగ్గలకు సరిపోయేలా తొలిచి ఉంటుంది, ఉలి గాట్లు వేలికి తగులుతాయి, నలుపు మెరవకుండా కొయ్యలోకి ఇంకి ఉంటుంది. రెండో రకం లోపల చదునుగా, పైన వార్నిషుతో నిగనిగలాడుతుంది. దాన్ని ఎవరూ ముఖానికి పెట్టుకోలేరు, గోడకు తగిలించడానికే పనికివస్తుంది. కొనదలచినవారు ముందు ముఖాన్ని తిరగేసి లోపలి వైపు చూడండి.

తెలుగువారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి. మా వెనుక వచ్చిన మరొక తెలుగు కుటుంబం ఒక యాత్రా సంస్థ ద్వారా బస్సులో వచ్చింది. ముందు వరుసలో ప్రత్యేక స్థలం ఇప్పిస్తామని చెప్పి వాళ్ల దగ్గర అదనపు సొమ్ము తీసుకున్నారట. ఇక్కడ ముందు వరుస అనేదే లేదు. 17వ తేదీ మధ్యాహ్నం మూడింటికి దింపి, ఆరింటికల్లా బస్సెక్కించారు. మంటలు పూర్తిగా ఎర్రబడి, చీకట్లో ఆ నల్లముఖాలు నిప్పు వెలుగుకు బయటికి వచ్చే వేళకు వాళ్లు కొండ దిగిపోయారు. మొదటి రాత్రి మంటలు వెలిగించడం వాళ్లకు అసలే దక్కలేదు. ఒక్క పూటకు వచ్చిపోయే యాత్రకు ఎవరూ డబ్బు కట్టవద్దని నా మనవి. జనవరిలో రాలేనివారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, తపస్సుకాలానికి ముందు వచ్చే కార్నివాల్ పండుగ ఆదివారం, మంగళవారాల్లో ఇవే వేషాలను చూడవచ్చు, కానీ అప్పుడు వాడవాడలా ఈ మంటలు ఉండవు.

నడవలేనివారికి ఈ పండుగ కష్టం. వీధులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, రాళ్లు పరిచిన చోట్ల మంచుకు జారుతాయి. పొగ పడని ఉబ్బసం రోగులు రాకపోవడమే మేలు. పసిపిల్లలు మొదట ముఖాలను చూసి ఏడుస్తారు. అయితే ఆ ఊరి పిల్లలే చిన్న గంటలు కట్టుకొని పెద్దల వెనుక నడుస్తుంటే చూసి కాసేపటికి సర్దుకుంటారు. పాత ఉన్ని బట్టలు వేసుకోండి, ఎందుకంటే నిప్పురవ్వలు పడి నా నైలాన్ కోటుకు మూడు చిల్లులు పడ్డాయి.

18వ తేదీ ఉదయం బస్సుకు బయలుదేరేటప్పటికి వీధి మలుపులోని పెద్ద దుంగ ఇంకా లోపలే రాజుకుంటోంది. ఇంటావిడ అమ్మకు ఒక కాగితపు సంచిలో కొవ్వు కలపకుండా విడిగా చేసిన పాపస్సీనోలు ఇచ్చి, వచ్చే జనవరికి గది కావాలంటే సెప్టెంబరు లోపలే చెప్పమన్నారు. మేము అక్కడికక్కడే చెప్పేశాము.